ఎండ అందరికీ ఒకటే, సబ్‌స్టేషన్ లెక్కే వేరు: కల్వకుర్తి వైపు ఒక మండల సమాఖ్య సోలార్ ప్లాన్

నాగర్‌కర్నూల్ జిల్లా కల్వకుర్తి డివిజన్‌లో అదొక మెట్ట మండలం. కాలువ నీళ్లు చివరి ఊళ్లదాకా రావు, సాగంతా బోర్ల మీదే. మహిళా సంఘాలతో 1000 మెగావాట్ల సోలార్ పెట్టిస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించాక ఇక్కడి మండల సమాఖ్య (ఊళ్లలోని మహిళా సంఘాలన్నీ కలిసిన మండల స్థాయి సంస్థ) ముందుకు రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి, రెండు మెగావాట్ల ప్లాంటుకు ఒక కంపెనీ ఇచ్చిన కొటేషన్. రెండోది, పాలకేంద్రం మీద, పంచాయతీ ఆఫీసు మీద, ఇళ్ల మీద ప్యానెళ్లు పెట్టాలని ఒక ఊరి గ్రామ సమాఖ్య చేసుకున్న తీర్మానం. రెండింట్లోనూ ఎండ గురించి బాగానే రాశారు. ఎన్ని యూనిట్లు పుడతాయో ఉంది. ఆ యూనిట్లు ఏ గంటలో పుడతాయి, ఆ గంటలో ఎవరికి కావాలి అన్నది మాత్రం ఎక్కడా లేదు.

సాంకేతిక సాయానికి నన్ను పిలిచారు. నేను చేసిందంతా ఆ మండలంలో అప్పటికే ఎవరో ఒకరు రాసి పెట్టుకున్న పుస్తకాలను ఒకచోటికి చేర్చి, ఒకదానితో ఒకటి సరిచూడటం. భూమి, అప్పు సంగతులున్నాయి కాబట్టి ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు.

ఎండ లెక్క

దీనికి ఎక్కువ సమయం పెట్టలేదు. నాసా వాళ్ల ‘పవర్’ అనే వాతావరణ డేటాలో సౌర వికిరణం ఒక డిగ్రీ గడి చొప్పున దొరుకుతుంది. అంటే అటూ ఇటూ దాదాపు వంద కిలోమీటర్ల పైచిలుకు. జడ్చర్ల, కల్వకుర్తి, అచ్చంపేట, అటు దేవరకొండ, అన్నీ ఒకే గడిలో పడతాయి. ఈ ఊళ్లో పెడితే మేలా, పక్క ఊళ్లో పెడితే మేలా అని దాన్ని అడిగితే జవాబు రాదు. అడగాల్సిన పని కూడా లేదు, ఎందుకంటే పక్కపక్క ఊళ్ల మధ్య ఎండలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. ఈ ప్రాంతంలో ఒక కిలోవాట్ ప్యానెల్ ఏడాదికి 1500 యూనిట్ల అటూ ఇటూ ఇస్తుంది. మార్చిలో రోజుకు ఐదు యూనిట్ల దగ్గరికి వెళ్తుంది, జూలై మబ్బుల్లో మూడున్నర కూడా దాటదు.

ఒక్క సవరణ మాత్రం స్థానికంగా చేసుకోవాలి. మే నెలలో ఎండ మండిపోతుంది కాబట్టి కరెంటు కూడా బాగా వస్తుందని అందరూ అనుకుంటారు. గాలి 42 డిగ్రీలున్నప్పుడు ప్యానెల్ లోపలి వేడి 65 దాకా పోతుంది. 25 డిగ్రీలు దాటిన ప్రతి డిగ్రీకీ సుమారు 0.35 శాతం ఉత్పత్తి తగ్గుతుంది. నలభై డిగ్రీలకు 14 శాతం అక్కడే పోయింది. మే కంటే మార్చి మేలన్న సంగతి కొటేషన్‌లో నెలవారీ పట్టిక అడిగితే గానీ బయటపడలేదు.

దుమ్ము, నీళ్లు కూడా చూశాం. ఒక మెగావాట్‌కు 540 వాట్ల ప్యానెళ్లు 1850 దాకా కావాలి. ప్యానెల్‌కు రెండు లీటర్లు అనుకున్నా ఒక్కసారి కడగడానికి నాలుగు వేల లీటర్ల దగ్గర పడుతుంది. నీళ్లు దొరకకపోవడం కాదు ఇక్కడ కష్టం, బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆరాక ప్యానెల్ మీద తెల్లటి పొర మిగులుతుంది. ఊళ్లో ఫిల్టర్ ప్లాంటు వదిలే నీళ్లు వాడుకోవచ్చు కదా అని ఒకరు అడిగారు. ఆర్వో వదిలేసే నీళ్లలో ఉప్పు మామూలు బోరు నీళ్లకన్నా ఎక్కువ, అవి అసలే పనికిరావు. తెల్లవారుజామున మంచు తడి ఉండగా రబ్బరు వైపర్‌తో లాగడం, నెలకోసారి మంచి నీళ్ల ట్యాంకర్ తెప్పించడం అని ఖర్చులో రాసుకున్నాం. కోతుల బాధ వల్ల కంచె ఖర్చు కూడా కొటేషన్‌లో ఉన్నదానికంటే పెరిగింది. దక్షిణ తెలంగాణలో ఏ ఊళ్లోనైనా పైకప్పు మీద ప్యానెల్ పెట్టాలంటే ముందు కోతుల సంగతి అడగండి.

సబ్‌స్టేషన్ లాగ్‌బుక్

అసలు పని ఇక్కడ జరిగింది. 33 కేవీ మీద వచ్చే కరెంటును 11 కేవీకి దించి, ఫీడర్లనే లైన్ల మీద ఊళ్లకు పంపే చోటు 33/11 కేవీ సబ్‌స్టేషన్. అక్కడ ఆపరేటర్ గంటగంటకూ ఒక్కో ఫీడర్ మీద ఎన్ని ఆంపియర్లు పోతున్నాయో లాగ్‌షీట్‌లో రాస్తాడు. ట్రిప్ అయితే ఎందుకైందో పక్కన గుర్తు పెడతాడు: ఈఎఫ్ అంటే ఎర్త్ ఫాల్ట్, ఓసీ అంటే ఓవర్ కరెంట్, ఎల్‌సీ అంటే లైన్ మీద పనికోసం సరఫరా ఆపడం. మండల సమాఖ్య లెటర్‌ప్యాడ్ మీద ఏఈకి (కరెంటు సంస్థ అసిస్టెంట్ ఇంజనీర్‌కు) అర్జీ పెడితే రెండేళ్ల పుస్తకాలు ఫొటోలు తీసుకోనిచ్చారు. సమాఖ్యలో డిగ్రీ చదివిన ఇద్దరు అమ్మాయిలు వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించారు.

రెండేళ్లు ఎందుకంటే, 2023లో కృష్ణా పరీవాహకంలో వానలు లేవు. ఆ యాసంగిలో సాగర్ ఎడమ కాలువ కిందే వరికి నీళ్లివ్వలేదు, ఇక మెట్ట బోర్ల సంగతి చెప్పేదేముంది. 2024లో శ్రీశైలం, సాగర్ గేట్లు ఎత్తారు. ఒక కరువు ఏడాది, ఒక నీళ్ల ఏడాది పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప బోర్ల మీద బతికే మండలంలో కరెంటు వాడకం అర్థం కాదు.

ఆంపియర్లను కిలోవాట్లుగా మార్చడం తేలిక. 11 కేవీ మీద ఒక ఆంపియర్ అంటే 1.732 ఇంటూ 11, అంటే 19 కేవీఏ. పవర్ ఫ్యాక్టర్ (అందులో నిజంగా పనికొచ్చే వంతు) 0.85 అనుకుంటే సుమారు 16 కిలోవాట్లు. లాగ్‌షీట్‌లో 100 ఆంపియర్లు కనిపిస్తే అక్కడ 1.6 మెగావాట్లు వాడుతున్నారన్నమాట. ఈ ఒక్క లెక్క నేర్పితే సమాఖ్య అక్కలు ఆ పుస్తకాన్ని నాకంటే వేగంగా చదివారు.

అయితే లాగ్‌షీట్‌ను కళ్లు మూసుకుని నమ్మకూడదు. రాత్రి రెండు నుంచి ఐదు దాకా చాలా రోజులు ఒకే అంకె వరసగా ఉంది. నిద్రమత్తులో పై గంట అంకెనే కింద దింపేస్తారని అక్కడ పనిచేసేవాళ్లకు తెలిసిన విషయమే. సోలార్‌కు రాత్రి అంకెలతో పని లేదు కాబట్టి మాకు నష్టం లేదు. ఇంకో తిరకాసు ఆటోస్టార్టర్లు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక కూడా చాలామంది ఆటోస్టార్టర్లు తీయలేదు. కరెంటు పోయి రాగానే మోటర్లన్నీ ఒక్కసారే లేస్తాయి. కాబట్టి ట్రిప్ తర్వాతి గంటలో కనిపించే ఆంపియర్లు ఆ ఫీడర్ మామూలు వాడకం కాదు. ఆ గంటలన్నీ తీసేసి చూశాం. కొన్ని నెలలకు ఏఈ పై అధికారి ఏడీఈ ఆఫీసులో, ఫీడర్ మీటర్ నుంచి రీడింగ్ యంత్రంతో నేరుగా తీసిన డేటాతో (ఎంఆర్ఐ డంప్) సరిపోల్చాం. పగటి అంకెలు దగ్గరగానే కలిశాయి.

ఇక ఫలితం. ప్లాంటు సైజు నిర్ణయించేది అత్యధిక వాడకం కాదు, ఎండ బాగా ఉన్న మధ్యాహ్నాల్లో కనిష్ఠ వాడకం. ఆ సమయంలో సబ్‌స్టేషన్ కింద వాడేదాని కంటే ఎక్కువ పుడితే మిగిలింది ట్రాన్స్‌ఫార్మర్ గుండా 33 కేవీ వైపు ఎదురు పోతుంది. అది నిషేధమేమీ కాదు. కానీ పుట్టిన చోటే వాడుకుంటే లైన్ నష్టాలు తగ్గుతాయన్న ప్రయోజనం అక్కడితో పోతుంది, మధ్యాహ్నం వోల్టేజీ పెరిగి ఇన్వర్టర్లు ఆగే అవకాశమూ ఉంటుంది.

కనిష్ఠం మే నెలలో ఉంటుందని నేనూ అనుకున్నాను, ఏఈ కూడా అదే అన్నారు. పొలాలు ఖాళీ కదా. పుస్తకం వేరే చెప్పింది. మేలో ఇళ్లలో కూలర్లు, ఫ్యాన్లు మధ్యాహ్నం నిలబెడుతున్నాయి, కూరగాయల మడులకు మోటర్లు నడుస్తూనే ఉన్నాయి. పడిపోయింది నవంబర్ రెండో సగంలో. వానాకాలం వరి కోతకొచ్చింది, మడులు ఆరబెట్టారు, యాసంగి నార్లు ఇంకా పోయలేదు, చలికి కూలర్లు లేవు. ఆకాశం మాత్రం నిర్మలం. అప్పుడు మధ్యాహ్నం ఫీడర్లన్నీ కలిపితే 60 ఆంపియర్ల దగ్గరికి దిగింది, అంటే మెగావాట్‌కు కాస్త తక్కువ. జూలై ముసురు రోజుల్లో ఇంకా తక్కువే, కానీ ఆ రోజుల్లో ప్యానెల్ కూడా పుట్టించదు కాబట్టి పేచీ లేదు. రెండు మెగావాట్ల కొటేషన్ ఆ పూటే పక్కకు పోయింది. ఒకటి సరిగ్గా సరిపోతుంది.

లాగ్‌బుక్‌లో రెండో విషయం ట్రిప్‌లు. గ్రిడ్ పోతే గ్రిడ్‌కు కట్టిన సోలార్ ప్లాంటు కూడా ఆగిపోతుంది, ఎండ ఎంతున్నా సరే. లైన్ మీద పనిచేసేవాడి ప్రాణం కోసం ఇన్వర్టర్‌లో ఆ ఏర్పాటు తప్పనిసరి. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా పోయిన గంటలను రెండు రకాలుగా విడదీశాం: వ్యవసాయ ఫీడర్ మాత్రమే ట్రిప్ అయినవి, మొత్తం 33 కేవీ సరఫరానే పోయినవి. మొదటివి రెండో వాటికంటే రెండింతలకు పైగా తేలాయి. ఏప్రిల్, మే ఈదురుగాలుల్లో చెట్లు పడి ఫీడర్లు పోవడమే ఎక్కువ. పొలం పక్కనే పోయే 11 కేవీ లైన్‌కు ప్లాంటును తగిలిస్తే లైన్ ఖర్చు తగ్గుతుందని ఒక సలహా ఉండింది. అది అక్కడే వదిలేశాం. సబ్‌స్టేషన్ బస్‌కు, అంటే ఫీడర్లన్నీ మొదలయ్యే చోటికి, సొంత లైన్ వేసుకుంటే ఫీడర్ ట్రిప్‌ల దెబ్బ మన మీద పడదు. రైతుల సోలార్ కోసం కేంద్రం తెచ్చిన కుసుమ్ పథకంలో, కాంపొనెంట్-A కింద, ప్లాంటు సబ్‌స్టేషన్‌కు ఐదు కిలోమీటర్ల లోపు ఉండాలంటారు గానీ, చెట్ల మధ్య నుంచి ఐదు కిలోమీటర్ల లైన్ అంటే మళ్లీ అదే ఈదురుగాలి. మేము పెట్టుకున్న హద్దు ఒకటిన్నర కిలోమీటర్.

మోటర్ల లెక్క, మీటర్ల భయం

వ్యవసాయ సర్వీసులకు మీటర్లు లేవు. ఎవరి బోరు ఎంత వాడుతుందో ఏ ఆఫీసులోనూ లేదు, ఉండేది అంచనాయే. అందుకని వీవోఏలు (గ్రామ సమాఖ్య లెక్కలు రాసేవాళ్లు) పొలం పొలం తిరిగి మోటర్ ఎన్ని హెచ్‌పీ, సర్వీసు నంబర్ ఎంత అని రాసుకురావాలని సమాఖ్యకు ఒక ఫారం వచ్చింది. తిరిగొచ్చిన ఫారాల్లో సగానికి పైగా మూడు హెచ్‌పీ. మూడు వందల అడుగుల బోర్లతో సాగు చేసే ఊళ్లో అది నమ్మడం కష్టం. ఒక పెద్దాయన వీవోఏ మొహానే అన్నాడట: "మోటర్లకు మీటర్లు పెట్టనీకే గదా బిడ్డా ఈ రాతలు. నేను చెప్ప, పో." ఇన్నేళ్లు ఎన్నికల సభల్లో నానిన మాట అది, రైతును తప్పుపట్టడానికి లేదు.

హెచ్‌పీ అడగడం మానేసి, ఈ ఏడాది మోటర్ ఎన్నిసార్లు కాలింది, బోరు ఎంతసేపు పోస్తే ఆగుతుంది అని అడిగించాం. కాలిన మోటర్ గురించి చెప్పడానికి ఎవరికీ భయం లేదు, పైగా కడుపులో ఉన్న కోపమంతా బయటికొస్తుంది. దాంతోపాటు మండల కేంద్రంలో వైండింగ్ షాపు నోటుబుక్కు దొరికింది. నాకు ఈ మొత్తం పనిలో అన్నిటికంటే నచ్చిన డేటా అదే. నూనె మరకల నాలుగు వందల పేజీల పుస్తకం. తేదీ, ఊరు, ఏ చెలక దిక్కు, మోటర్ హెచ్‌పీ, రాగి తీగ ఎన్ని కిలోలు, అడ్వాన్స్ ఎంత, బాకీ ఎంత. అందులో హెచ్‌పీ అబద్ధం ఉండదు, ఎందుకంటే తీగ బరువును బట్టే డబ్బులు. మూడు అని చెప్పినవి అక్కడ ఐదు, ఐదు అన్నవి ఏడున్నర.

25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఐదు హెచ్‌పీ మోటర్లు ఐదుంటే రేటింగ్ ప్రకారం 18.5 కిలోవాట్లు, 0.8 పవర్ ఫ్యాక్టర్‌తో 23 కేవీఏ. ఎలాగో నెట్టుకొస్తుంది. అవే ఏడున్నరవైతే 35 కేవీఏ. అప్పుడు వోల్టేజీ పడిపోయి మోటర్ కాలక ఏమవుతుంది? షాపు పుస్తకంలోని ఊళ్లను ఫీడర్ మ్యాపు మీద గుర్తు పెడితే కాలిన మోటర్లలో ఎక్కువ భాగం ఒకే ఫీడర్ తోక దగ్గర కుప్పపడ్డాయి.

ఇది సోలార్ ప్లాన్‌కు ఎందుకంటే, సబ్‌స్టేషన్ పక్కన ప్లాంటు వస్తే తమకు లో వోల్టేజీ పోతుందని ఆ చివరి ఊళ్ల రైతులు నమ్మారు. ఎవరు నమ్మించారో తెలియదు. సబ్‌స్టేషన్ బస్ మీద కలిసే కరెంటు ఫీడర్ తోకలో వోల్టేజీని చెప్పుకోదగ్గంతగా మార్చదు. అక్కడ కావాల్సింది అదనపు ట్రాన్స్‌ఫార్మర్, కెపాసిటర్లు. ఈ మాట గ్రామ సమాఖ్య మీటింగ్‌లో ముందే చెప్పాం. కొందరికి ఉత్సాహం తగ్గింది. షేరు డబ్బు కట్టిన తర్వాత తెలియడం కంటే అది నయం. కాలిన మోటర్ల జాబితా, ట్రాన్స్‌ఫార్మర్ నంబర్లతో సహా, విడిగా డిస్కంకు (కరెంటు పంపిణీ సంస్థకు) అర్జీగా ఇచ్చారు.

బోరు ఎంతసేపు పోస్తుందన్న ప్రశ్నకు వచ్చిన జవాబులూ పనికొచ్చాయి. ఫిబ్రవరి దాటితే చాలా బోర్లు ముప్పావుగంట పోసి గంట ఆగుతాయి. హెచ్‌పీని 24 గంటలతో హెచ్చవేసి ఈ మండలానికి ఇంత కరెంటు కావాలి అని రాసే నివేదికలు నేను చాలా చూశాను. భూగర్భంలో నీళ్లు లేకపోతే కరెంటు ఎంతున్నా వాడకం పెరగదు. 2024 మార్చి లాగ్‌షీట్‌లో ఆ తగ్గుదల కళ్లకు కట్టినట్టు ఉంది.

ఖాళీ జాగా

మెగావాట్‌కు నాలుగెకరాల దాకా కావాలి. ఉపగ్రహ చిత్రంలో సబ్‌స్టేషన్‌కు కిలోమీటర్ లోపు చక్కటి ఏటవాలు నేల, దక్షిణం వైపు వాలు, చెట్టూ చేమా లేవు. కంపెనీ వాళ్లు గుర్తు పెట్టింది కూడా దాన్నే. రికార్డులో సగం అసైన్డ్, అంటే భూమి లేని పేదలకు ప్రభుత్వం ఇచ్చింది. 1977 చట్టం ప్రకారం అసైన్డ్ భూమిని బదిలీ చేయడానికి వీల్లేదు కాబట్టి పాతికేళ్ల లీజు చిక్కే.

అంతకంటే పెద్ద సంగతి కాగితంలో లేదు. సమాఖ్య సభ్యురాలు, గొల్లల ఇంటి పెద్దావిడ అంది: "అది కాళీ ఎక్కడిది సారూ? వానకాలం పంటలున్నప్పుడు మా గొర్లన్నీ ఆడనే గదా. పొలాలు కోసినంక పొలాలల్ల మేస్తయ్. అప్పుడు సూస్తే కాళీగనే కనపడ్తది." ఉపగ్రహ చిత్రం తీసింది ఫిబ్రవరిలో. ఆమె మాట పట్టుకుని ఊళ్లో ఏ నెలలో ఏ నేల ఎవరికి పనికొస్తుందో పన్నెండు నెలల పటం ఒకటి గోడ కాగితం మీద గీశాం. జూలై నుంచి అక్టోబర్ దాకా ఆ ఏటవాలు తప్ప మందలకు వేరే చోటు లేదు. దాన్ని వదిలేసి, ముగ్గురు సభ్యుల కుటుంబాలకున్న రాళ్ల చెలక, పట్టా భూమి, పాస్‌బుక్కులు సరిగా ఉన్నది, లీజుకు మాట్లాడాం. వాలు కొంచెం పడమరకు ఉంది, ఉత్పత్తి స్వల్పంగా తగ్గుతుంది. కోర్టు కేసుతో ఏడాది ఆగిపోయే దానితో పోలిస్తే ఆ తగ్గుదల ఒక లెక్క కాదు.

పాలకేంద్రం డీజిల్ బుక్కు

చిన్న ప్రాజెక్టుల తీర్మానంలో ఇళ్ల మీద ప్యానెళ్ల సంగతి తొందరగా తేలిపోయింది. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడే అర్హత ఉన్న ఇంటికి జీరో బిల్లు. పీఎం సూర్యఘర్‌లో మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ వచ్చినా, మిగతా డబ్బు చేతి నుంచి పెట్టి ఆదా చేసుకోవడానికి ఇంట్లో బిల్లే లేదు. మీటర్ రీడర్ దగ్గర ఊరి బిల్లుల సరళి చూస్తే 200 దాటే ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాళ్లను విడిగా దరఖాస్తు చేసుకోమన్నాం. ఇదే జిల్లాలోని కొండారెడ్డిపల్లిలో ఊరు మొత్తం ఇళ్ల మీద సోలార్ పెట్టారు కదా అని అడిగారు. అక్కడ ఇంటివాళ్లు చేతి డబ్బు పెట్టుకునే అవసరం లేకుండా ఏర్పాటు జరిగింది. ఆ డబ్బు దారి లేకుండా ఆ నమూనాను ఇక్కడికి తేలేం.

పాలకేంద్రం సంగతి వేరు. అక్కడ నిజమైన బిల్లుంది, నిజమైన బాధ ఉంది. పూటకు వెయ్యి లీటర్ల లోపు పాలు వస్తాయి. 35 డిగ్రీల పాలను నాలుగు డిగ్రీలకు దించాలంటే వెయ్యి లీటర్లకు సుమారు 35 యూనిట్ల వేడిని బయటికి లాగాలి, దానికి కంప్రెసర్ తినే కరెంటు 14 యూనిట్ల దాకా. పాలు పోసేది పొద్దున ఆరు నుంచి ఎనిమిది, సాయంత్రం ఐదు తర్వాత. అంటే యంత్రం ఎక్కువ తినే రెండు సమయాల్లోనూ ఎండ లేదు, లేదా అప్పుడే వస్తోంది.

నెట్ మీటరింగ్‌తో బిల్లు తగ్గుతుంది, నిజమే. మధ్యాహ్నం గ్రిడ్‌కు ఇచ్చింది సాయంత్రం వాడకంలో తీసేస్తారు. కానీ సంఘం బాధ బిల్లు కాదని వాళ్ల డీజిల్ పుస్తకం చూస్తే తెలిసింది. పాలు కొలిచే రిజిస్టర్ వెనక పేజీల్లోనే రాసుకున్నారు: ఏ రోజు ఎన్ని లీటర్లు తెచ్చారు, జనరేటర్ ఎన్నింటికి వేశారు, ఏ పూట పాలు విరిగి వెనక్కొచ్చాయి. ఎక్కువ ఎంట్రీలు ఏప్రిల్, మే సాయంత్రాలు. గాలి దుమారం, కరెంటు పోవడం, గంటకు మూడు నాలుగు లీటర్ల డీజిల్. తీర్మానంలో అడిగిన పది కిలోవాట్ల ప్యానెళ్లు మామూలుగా పెట్టేస్తే ఆ సాయంత్రాల్లో ఒక్క లీటర్ డీజిల్ కూడా మిగలదు. పొద్దు పోయింది, గ్రిడ్ పోయింది, ప్యానెల్ ఏం చేస్తుంది?

బ్యాటరీ పెట్టాలంటే కంప్రెసర్ స్టార్టింగ్ కరెంటును మోసే సైజు కావాలి, అంత డబ్బు లేదు. దానికి బదులు చలిని దాచుకోవడం చౌక. ఐస్ బ్యాంక్ ట్యాంకులో మధ్యాహ్నం ఎండ మీద కాయిల్స్ చుట్టూ మంచు కట్టిస్తారు. సాయంత్రం పాలు వచ్చినప్పుడు ఆ చల్లటి నీటిని తిప్పితే చాలు. వెయ్యి లీటర్ల పాలకు 375 కిలోల మంచు సరిపోతుంది. కరెంటు పోయినా తిరగాల్సింది ఒక హెచ్‌పీ లోపు పంపు, పాలు కలిపే మోటర్, అంతే. వాటిని చిన్న ఇన్వర్టర్ మోస్తుంది. మంచు కట్టేటప్పుడు కంప్రెసర్ సామర్థ్యం కొంత తగ్గుతుంది కాబట్టి రెండు పూటలకు కలిపి రోజుకు 35 యూనిట్ల దాకా వేసుకున్నాం. సగటున కిలోవాట్‌కు నాలుగు యూనిట్ల లెక్కన తొమ్మిది కిలోవాట్ల దగ్గర, కాస్త వెసులుబాటుతో పది. చివరికి తీర్మానంలోని పదే మిగిలింది, పక్కన ఐస్ బ్యాంక్ చేరింది.

పంచాయతీ బోరు మోటర్ల కథ చిన్నది. వాటర్‌మన్ తెల్లవారుజామున ఐదింటికి ట్యాంకు నింపుతున్నాడు, అలవాటు. ట్యాంకులో ఒక పూట నీళ్లు పడతాయి కాబట్టి మధ్యాహ్నమే నింపి పెట్టొచ్చు. పైసా ఖర్చు లేకుండా ఆ వాడకం ఎండ ఉన్న వేళకు జరిగింది. వీధి దీపాలకు ప్యానెళ్లన్న మాట పక్కన పెట్టాం.

రెండు లక్షల లోపు మిగులు

మళ్లీ మెగావాట్ దగ్గరికి. ఏడాదికి 15.5 లక్షల యూనిట్లు, యూనిట్‌కు 3.13 రూపాయల కొనుగోలు ధర, మొత్తం 48.5 లక్షలు. వినడానికి బాగుంది. ప్లాంటుకు మూడున్నర కోట్లు అనుకుందాం. అందులో 70 శాతం అప్పు, 2.45 కోట్లు. పది శాతం వడ్డీ మొదటి ఏడాది 24.5 లక్షలు. పదిహేనేళ్ల వాయిదాల్లో అసలు ఏటా 16.3 లక్షలు. కాపలా, కడుగుడు, బీమా, భూమి లీజు కలిపి ఆరు లక్షలు. మిగిలేది రెండు లక్షల లోపు. మిగతా 1.05 కోట్లు సంఘాలు వేసుకోవాలి, అదింకా వేరే కథ.

సరఫరా పోయి ఐదు శాతం ఉత్పత్తి తగ్గితే పోయేది 2.4 లక్షలు. మొదటి ఏడాది మిగులు అక్కడితో మాయం. బస్‌కు సొంత లైనా, ఫీడర్‌కు తగిలించడమా అన్న తేడా ఒక్కటే ఆ ఐదు శాతంలో చాలా భాగం. ఉప్పు నీళ్లతో కడిగితే ఇంకొంత. వడ్డీ ఏటా 1.6 లక్షలు తగ్గుతూ వస్తుంది, ప్యానెళ్లు అరిగి తగ్గే ఆదాయం ఏడాదికి పాతిక ముప్ఫై వేలు. కాబట్టి నాలుగైదేళ్లు ఓర్చుకుంటే ప్లాంటు నిలదొక్కుకుంటుంది. మొదటి నెల నుంచే సంఘాలకు డబ్బులొస్తాయని ఎవరైనా చెబితే మాత్రం ఆ లెక్క కాగితం మీద రాసి ఇమ్మని అడగండని సమాఖ్యకు చెప్పాను. అడిగారు. ఇంతవరకు రాసివ్వలేదు.

ఇప్పుడు పాలకేంద్రం పని మొదలైంది. ఐస్ బ్యాంక్ ట్యాంకు దిగింది, షెడ్డు పైకప్పు రేకులు ప్యానెళ్ల బరువు మోయవని తేలి ఇనుప స్టాండు నేల మీద కడుతున్నారు. మెగావాట్ ఫైలు బ్యాంకులో ఉంది. మేనేజర్ అడిగిన మొదటి కాగితం ఎండ నివేదిక, రెండోది మూడేళ్ల 33 కేవీ సరఫరా వివరాలు. మా దగ్గర రెండేళ్లవి ఉన్నాయి. మూడో ఏడాది లాగ్‌షీట్లు సమాఖ్య అమ్మాయిలు ఇప్పుడు ఎక్కిస్తున్నారు, ఈసారి రాత్రి అంకెలు వదిలేసి.